కైండ్లీ రివర్ట్

బెంగుళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసినవాడికి రెండు సంగతులు తెలిసొస్తాయి. పది నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకున్న ఓనరుకి తిరిగిచ్చే నెల ఏదో గుర్తుండదన్నది ఒకటి. 'విల్ రివర్ట్' అంటే 'ఇక నాకు ఫోన్ చెయ్యకు' అని అర్థమన్నది రెండోది.

మారతహళ్లి చుట్టుపక్కల పద్నాలుగేళ్లుగా కాపురం ఉంటున్నాను. ఈ పద్నాలుగేళ్లలో నాకు రివర్ట్ అవుతానన్నవాళ్లు బోలెడంతమంది. ఇంటి బ్రోకరు, స్కూలు అడ్మిషన్లావిడ, బ్యాంకులో లోన్లు చూసే కుర్రాడు, మా హెచ్చార్. నేనేం తక్కువ తినలేదు. 'కైండ్లీ రివర్ట్' అని పెట్టందే నా మెయిలు చొక్కా గుండీలు పెట్టుకోకుండా వీధిలోకొచ్చినట్టు అనిపించేది. 'రిప్లై' అంటే వాట్సాప్ మాట, 'ఆన్సర్' అంటే పరీక్ష హాలు మాట. రివర్ట్ అంటే టై కట్టుకున్న రిప్లై. ఎవరు నేర్పారో తెలీదు. ఉద్యోగంలో చేరిన వారానికి అందరికీ జలుబు అంటుకున్నట్టే ఇదీ అంటుకుంది.

నాలుగైదేళ్ల కిందట మా టీముకి షెన్‌జెన్‌లో ఒక చైనా కుర్రాడు తోడయ్యాడు. మనకంటే గడియారం రెండున్నర గంటలు ముందు, బుద్ధి ఇంకాస్త ముందు. ఇంగ్లీషు మాత్రం పుస్తకం పెట్టుకుని కష్టపడి నేర్చుకున్నది. కాబట్టి ప్రతి మాటకీ నిఘంటువులో ఉన్న అర్థమే తీసుకునేవాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒక శుక్రవారం అతను ప్రోగ్రాములో ఒక మార్పు చేశాడు. నాకు చిన్న సందేహం వచ్చి, 'నీ మార్పు గురించి సాయంత్రంలోగా కైండ్లీ రివర్ట్' అని రాశాను. గంటలో జవాబు వచ్చింది, ఒక్కటే మాట: 'రివర్టెడ్.'

జవాబిచ్చానంటున్నాడు, జవాబేదీ? ఇన్‌బాక్స్ వెతికాను, స్పామ్ వెతికాను, పక్క సీటాయన్ని కూడా అడిగాను. 'నీ రివర్ట్ నాకు అందలేదు, మళ్లీ రివర్ట్ చెయ్యి' అని రాశాను. పది నిమిషాల్లో 'డన్' అన్నాడు. మళ్లీ ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది. ఈసారి మేనేజరుకి కూడా కాపీ పెట్టి, మాటలకి కాస్త ఇస్త్రీ చేసి, 'థర్డ్ రిమైండర్, రివర్ట్ ఇమ్మీడియట్లీ' అన్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మేం ప్రోగ్రాములు దాచుకునే గిట్ అనే సాధనంలో 'రివర్ట్' అని ఒక ఆజ్ఞ ఉంది. చేసిన మార్పుని రద్దు చేసి పాత స్థితికి తెస్తుంది. ఆ రద్దుని మళ్లీ రివర్ట్ చేస్తే మొదటి మార్పు లేచి కూర్చుంటుంది. పాపం, ఆ కుర్రాడు నేను అడిగినప్పుడల్లా అడిగింది అడిగినట్టు చేశాడు. తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. సోమవారం పొద్దున చూస్తే చిట్టాలో 'రివర్ట్', దాని కింద 'రివర్ట్ రివర్ట్', దాని కింద 'రివర్ట్ రివర్ట్ రివర్ట్', గుళ్లో నామస్మరణలాగా. కస్టమరుకి మాత్రం తెర మీద ఒక బటన్ కనిపించీ కనిపించకుండా దోబూచులాడింది.

కాల్‌లో అతను మర్యాదగా అడిగాడు, "సర్, మీకు ఆ మార్పు కావాలా, వద్దా?"

విషయం తెలిసి అతను నవ్వలేదు, నోటుబుక్కు తీశాడు. నా దగ్గర పోగేసిన మాటలు అందులో అప్పటికే చాలా ఉన్నాయట. నేను ఫలానా ఏడాది కాలేజీలో 'పాస్డ్ అవుట్' అన్నానని, అప్పుడు స్పృహ తప్పి పడిపోయాననుకుని నా ఆరోగ్యం మీద దిగులు కూడా పెట్టుకున్నాడు. రివర్ట్ దగ్గర మాత్రం ఆగిపోయాడు. "మా భాషలో జవాబివ్వడాన్ని హ్వేయ్‌ఫు అంటాం. పూర్వస్థితికి తేవడాన్నీ హ్వేయ్‌ఫు అనే అంటాం" అన్నాడు. తేడా అల్లా మొదటి అక్షరం పలుకులో. జవాబుకైతే గొంతు ప్రశ్న వేసినట్టు పైకి లేవాలి, రెండోదానికి పైనే తిన్నగా నిలవాలి. రాతలో మొదటి అక్షరాలు వేరు, రెండో అక్షరం ఒకటే, దానికి 'తిరిగి' అని అర్థం. రెండు మూడుసార్లు పలికి చూపించాడు. నా చెవికి రెండూ ఒకటే హ్వేయ్‌ఫు. అంటే బెంగుళూరు గుమాస్తాలూ చైనావాళ్లూ ఒకరికొకరు చెప్పుకోకుండానే ఒకే గుమ్మం ముందుకి చేరారు. నిఘంటువుల్లో కొన్ని కూడా ఇప్పుడు 'భారతీయ ఇంగ్లీషులో' అని ముక్కు చీదుకుంటూనే జవాబు అన్న అర్థాన్ని చేర్చుకున్నాయి.

ఈ గొడవంతా హిందూపురం ఫోన్ చేసి నాయనకి చెప్పబోయాను. "రివర్ట్ విషయంలో పెద్ద..." అన్నానో లేదో, అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఏమిరా, రివర్షన్ ఇచ్చినారా నీకు? ఏం చేసినావు?"

నాయన తాలూకాఫీసులో చేరి, డిప్యూటీ తహసీల్దారుగా ఎనిమిది నెలలు కూర్చుని, సీనియారిటీ లిస్టు తిరగరాయడంతో మళ్లీ పాత కుర్చీలోకొచ్చినవాడు. సర్కారు కొలువులో రివర్షన్ అంటే అదే, మెట్టు దింపడం. ఆ ఎనిమిది నెలల్లో అమ్మ కుట్టించిన కర్టెన్లు మా ఇంట్లో ఇరవై ఏళ్లు ఉన్నాయి, వాటినెవరూ దింపలేకపోయారు.

"అది కాదు నాయనా, రివర్ట్ అంటే ఇక్కడ జవాబని."

"జవాబైతే జవాబని ఏడు. 'తిరుగు టపాలో జవాబు రాయగలవు' అని కార్డుల్లో రాసేవాళ్లం, అంత మాత్రం ఇంగ్లీషు మాకు రాకనా?"

ఫోన్ పెట్టేశాక తట్టింది. లాటిన్‌లో ఆ మాటకి మూలార్థం వెనక్కి తిరగడమే. తిరుగు టపాని ముక్కకి ముక్క ఇంగ్లీషు చేస్తే వచ్చేది రివర్టే. కాకపోతే నాయన కార్డుకి నాలుగో రోజు జవాబు వచ్చేది.

ఇక అడ్వాన్సు సంగతి. ఈ ఊరికి రివర్ట్ అన్న మాట నిఘంటువు అర్థం తెలియక కాదు. 1809లో కంటోన్మెంటు కట్టిన తెల్లవాళ్లు, 1831లో మైసూరు పాలనంతా చేతిలోకి తీసుకున్నారు. యాభై ఏళ్లు వాడుకుని 1881లో ఒడెయర్లకి తిరిగి అప్పజెప్పారు. అందులోనూ కంటోన్మెంటుని మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. అదీ 1947లో, దేశం వదలబోయే ముందు గానీ తిరిగి రాలేదు. మా ఓనరు ఆ చరిత్ర చదివినట్టే ఉన్నాడు. నాలుగు నెలలపాటు నేను మర్యాదగా మెసేజీలు పెట్టాను, ఆయన మర్యాదగా 'విల్ రివర్ట్' అన్నాడు.

చివరికి నాయన బస్సెక్కి వచ్చాడు. హిందూపురం వాడికి కన్నడం పరాయిదేం కాదు. ఓనరు వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, నెమ్మదిగా "దుడ్డు వాపస్ కొడి" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. లేచే ఉద్దేశమున్నట్టూ లేదు. అరగంటలో ఓనరు ఫోను తీసి నా ఖాతాకి డబ్బు పంపాడు.

పెయింటింగు చార్జీ కింద ఒక నెల అద్దె పట్టుకున్నాడు. కంటోన్మెంటు వాపసు రావడానికి 66 ఏళ్లు పట్టింది కాబట్టి, దాని గురించి ఇప్పుడే తొందరపడటం లేదు.