ఇంకో రెండు రాడ్లు

“మామా, మొదటి నాలుగు ఎపిసోడ్లు కొంచెం ఓర్చుకో. ఐదోదాన్నుంచి చూడు, ఉంటాది నా సామిరంగా!”

పది రోజులుగా ఈ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. అన్నవాడు మా మేనల్లుడు, బెంగళూరులో సాఫ్ట్‌వేరు. వాణ్ణని లాభం లేదు. వాడికి ఆ మాట అరువిచ్చింది ఒక విమర్శకుడు. చూడకపోతే జన్మ దండగ అన్నట్టు పది సిరీస్‌ల జాబితా రాసి, సగం వాటి కింద మాత్ర డబ్బా మీద హెచ్చరికలాగా ఒక ముక్క తగిలించాడు: మొదట్లో కాస్త నెమ్మది, ఓపిక పట్టండి.

నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోటి యాభై నిమిషాలు. మూడు గంటల ఇరవై నిమిషాలు. అంతసేపట్లో నేను కర్నూల్లో బస్సెక్కితే శంషాబాద్‌లో దిగుతాను. దారిలో టీ కూడా తాగుంటాను.

ఈ నెమ్మదికి ‘స్లో బర్న్’ అని ముద్దుపేరు. నిదానంగా రాజుకుంటుందట. మా కర్నూల్లో ఏప్రిల్లో నిదానంగా రాజుకునే వస్తువు ఒక్కటి చూపించండి, నేను ఐదో ఎపిసోడ్ దాకా కూర్చుంటాను.

నా మంట ఇంకోటుంది. మా అమ్మ ‘కార్తీకదీపం’ సీరియల్ చూసినన్నాళ్లూ ఈ మేనల్లుడే ఎగతాళి చేశాడు. 2017లో మొదలై 2023 జనవరి దాకా, పదిహేను వందల ఎపిసోడ్లు పైచిలుకు. డాక్టర్ బాబు ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుంటే వారంలో శుభం కార్డు పడేదని ఊరూవాడా జోకులేసుకున్నారు. నిజమే. కానీ వంటలక్క కథ సాగితే జీడిపాకం, అదే అమెరికా వాడి కథ సాగితే స్లో బర్నా? పైగా మా అమ్మ ఏ రోజూ ఎవర్నీ ఓర్చుకోమనలేదు. “నచ్చకుంటే పోయి అవతల కూకో” అనేది. అంత నిజాయితీ గల విమర్శకుణ్ణి నేను ఇంతవరకూ చూళ్లేదు.

తెలుగులో బోరు అనే మాటకు రెండర్థాలు. ఒకటి సిరీస్‌లో కొట్టేది, రెండోది పొలంలో వేసేది. రెండోదాని గురించి కొంచెం చెప్పాలి. అంటే, మీరు కొంచెం ఓర్చుకోవాలి.

మా సొంతూరు వేంపల్లె పక్కన పల్లె. చీనీ తోట. చీనీ చెట్టు మర్యాదస్తురాలు, అడగదు, ఎండిపోయి చూపిస్తుంది. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. ప్రతిదానికీ ముందు నీళ్లు చూసే స్వామి వచ్చేవాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని తోటంతా తిరిగేవాడు. నీళ్లున్న చోట టెంకాయ నిట్టనిలువునా లేచి నిలబడాలి. మా తోటలో అది అన్ని చోట్లా లేచేది. ఒకసారి మా మిద్దె మెట్ల మీద కూడా లేచింది. “ఈడ రెండించుల నీళ్లు” అని చెప్పి స్వామి ఆ టెంకాయ కూడా సంచిలో వేసుకుని పోయేవాడు.

తర్వాత బోరు బండి. తమిళనాడు తిరుచ్చెంగోడు బండి. రాత్రి పూటే వచ్చేది. ఊరంతా చుట్టూ చేరేది. రాడ్డు వెనక రాడ్డు దిగుతుంటే తెల్లటి పొడి లేచి అందరి నెత్తిన పడి, మాకన్నా చిన్నవాళ్లు కూడా తాతల్లా కనిపించేవాళ్లు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, నేను మొట్టమొదట చూసిన విమర్శకులు వాళ్లే. ఒకాయన పొడి గుప్పిట పట్టి నలిపేవాడు. ఒకాయన వాసన చూసేవాడు. మా చిన్నాయనైతే నాలుక మీద వేసుకొని కళ్లు మూసుకునేవాడు. మూసుకొనే, “మట్టి రంగు మారింది” అనేవాడు. కళ్లు మూసుకున్న మనిషికి రంగెట్లా తెలిసిందని ఎవరూ అడగలేదు. రెండు వందల అడుగుల్లో రంగు మారింది. మూడు వందల్లో చల్లదనం తగిలింది. నాలుగు వందల్లో తడి కనిపించి, బీడీ ఆరేలోగా ఆరిపోయింది. లోతు పెరిగే కొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. అప్పుడు బండాయన అరవం కలిసిన తెలుగులో అనేవాడు: “సార్, ఇంకా రెండు రాడ్లు పోదాం.”

రాడ్డు ఇరవై అడుగులు. ఆపితే పోసిందంతా దండగ. ఆపకపోతే పోయబోయేదీ దండగ. నాలుగో ఎపిసోడ్ ముందు కూర్చున్న ప్రతి మనిషి బాధా ఇదే. ‘ది వైర్’ అరవై ఎపిసోడ్లు, ‘బ్రేకింగ్ బ్యాడ్’ అరవై రెండు. గొప్పవేనేమో, కాదనను. కానీ ఇన్ని రాడ్లు దింపినవాడు కింద నీళ్లు లేవని ఒప్పుకుంటాడా? పడ్డాయనే అంటాడు. పక్కింటాయన్ని కూడా వేయించమంటాడు. మా మేనల్లుడి సిఫార్సు అలా పుట్టిందనే నా అనుమానం.

మరి నేను మెచ్చేదేమిటంటారా? ‘అమృతం’. 2001లో జెమినీలో మొదలై 2007 దాకా నడిచింది, మూడు వందల పైన ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు తలపెట్టిన పని. ఇద్దరు స్నేహితులు, ఒక హోటలు, నెత్తి మీద ఇంటి ఓనరు అప్పాజీ. అమృతరావు వేషం శివాజీరాజా నుంచి నరేశ్‌కూ హర్షవర్ధన్‌కూ చేతులు మారింది. హీరో ముఖం మారితే సీరియల్ మూతపడాలి. ఇది పడలేదు, ఎందుకంటే బలం ముఖంలో లేదు, రాతలో ఉంది. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు ఉన్నాడు. చాలా వారాలు కథ ఆ వారమే మొదలై ఆ వారమే అయిపోయేది. మా తాత తవ్విన బావిలాగా, వంగితే చాలు, చేద అందేది.

పాతదే బంగారం అంటున్నాననుకోకండి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ‘90స్’ వచ్చింది. ఆరే ఎపిసోడ్లు. గవర్నమెంటు బడి లెక్కల మాస్టారుగా శివాజీ, అటూ ఇటూ పెళ్లాం పిల్లలు, ఇంట్లో ఉప్మా. మా ఆవిడా నేనూ ఒక్క రాత్రిలో ముగించాం. ఓర్చుకోమని మాకెవరూ చెప్పలేదు.

‘అమృతం’ మా నాయనకు ప్రాణం. అమృతరావు ఏదో కొత్త ఎత్తు వేసి అది బోల్తా పడితే, “వీడు మనోడేరా” అని పడీపడీ నవ్వేవాడు. ఆ సీరియల్ నడుస్తున్న రోజుల్లోనే, 2003 ఎండాకాలంలో, మా నాలుగో బోరు. ఆరు వందల అడుగుల్లో బండాయన ఇంజను తగ్గించి మా నాయన వైపు చూశాడు. మా నాయన నా వైపు చూశాడు. కాలేజీ చదువుతున్నవాణ్ణి కదా, నాకు తెలుస్తుందనుకున్నాడు. “ఇంకో రెండు రాడ్లు వేద్దాం నాయనా” అన్నాను నేను. పొడే వచ్చింది. ఆ ఏడే చీనీ చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్మాం. ఆ నలభై అడుగుల సంగతి ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. అమృతరావుకు మాత్రం వచ్చే వారానికల్లా అప్పు మాఫీ.

కాబట్టి విమర్శక మహాశయులారా, మీకో విన్నపం. మెచ్చుకోండి, వద్దనను. కానీ ఎన్నో అడుగులో నీళ్లు పడ్డాయో మొదటి వాక్యంలోనే రాయండి. పడకపోతే పడలేదని రాయండి. మట్టి రంగు గురించి రాయొద్దు.

మేనల్లుడు రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు కాబట్టి వాడి సిరీస్ మొదలుపెట్టాను. ప్రస్తుతం మూడో ఎపిసోడ్‌లో ఉన్నాను. కొంచెం చల్లదనం తగులుతోందని మా ఆవిడ అంటోంది.