టేకు కుర్చీకి సుద్ద రంగు వేయు విధానం

ముందుగా కుర్చీని ఎంచుకోవాలి. మామిడి చెక్కదో రబ్బరు చెక్కదో అయితే ఈ విద్యకు పనికిరాదు, పాడుచేయడానికి అందులో ఏముంది? తాతల నాటి బర్మా టేకు కావాలి, అదృష్టం బాగుంటే జిట్రేగి. వీపులూ చేతులూ ఏళ్ల తరబడి రాసుకుని తేనెరంగు తేలి, పేము సీటు చిరిగి, ఒక కాలు వదులై, మేడమెట్ల కిందో హైదరాబాదు జుమ్మేరాత్ బజారులోనో పడి ఉన్నది దొరికితే మీ పంట పండినట్టే. దాని రోగమేమిటో మాత్రం ఆరా తీయకండి. ఇంట్లోంచి కుర్చీ ఎందుకు బయటపడుతుంది? కాలు ఊగినందుకు, సీటు తెగినందుకు, నల్లులు పట్టినందుకు, లేదా ప్లాస్టిక్ కుర్చీలైతే ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు గనక. రంగు నచ్చక వీధిలో పడ్డ టేకు కుర్చీ అరుదు. అయినా మన వైద్యమంతా రంగుతోనే. కాలు విరిగినవాడి ముఖానికి పౌడరు రాసి పంపించడం లాంటిదే ఇది. ఫొటోలో కాలు కనిపించదు, ముఖమే కనిపిస్తుంది.

ఇక గీకుడు. పాత కుర్చీల మీది మెరుపు చాలావరకు లక్క పాలిష్. లక్క పెచ్చులను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డముద్దతో పొర మీద పొర రుద్దేవారు. దానికో సుగుణం ఉంది: కొత్త పొర రుద్దితే కింది పొర కాస్త కరిగి దాంతో కలిసిపోతుంది. అందువల్ల మాసిన చోట మళ్లీ రుద్దుకుంటే చాలు, మొత్తం ఊడదీయనక్కర్లేదు. ఇంత సులువైన పనిలో గొప్పేముంది? మిషను తెచ్చి 80 నంబరు గరుకు కాగితం తగిలించండి. వడ్రంగి చిత్రికతో తీర్చిన అంచుల వంపులు అరగంటలో చదునైపోతాయి. కుర్చీ మీద ముందే ఎవరో పాతకాలపు ఎనామిల్ పూసి ఉంటే ఇంకా హుషారుగా, పిల్లలు ఆడుకునే గదిలోనే రాపాడించండి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించరాదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకు ముందటి డబ్బాల్లో ఎంత ఉండేదో ఆ దుమ్ముకే తెలియాలి.

సుద్ద రంగు సంగతికొద్దాం. 1990లో బ్రిటన్‌లో యానీ స్లోన్ అనే ఆవిడ ఆ పేరుతో అమ్మకం మొదలుపెట్టారు. ముందు గీకనక్కర్లేదన్నదే దాని గొప్ప. మీరు ఇప్పటికే గీకేశారనుకోండి, ఫరవాలేదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. చెద దాని జోలికి అంతగా రాకపోవడానికి అదో కారణం, పూత సరిగా అంటకపోవడానికీ అదే కారణం. థిన్నరుతో తుడిచి ప్రైమరు వేస్తే అంటుతుంది గానీ మీరు ఆ తొందరపాటు పడకండి. ఆరునెలల్లో పెచ్చులూడితే దానికి వింటేజ్ అని పేరుంది. అసలు ఊడేదాకా ఆగనివాళ్లూ ఉన్నారు. వేసిన రంగు ఆరగానే అంచుల్లో మళ్లీ గీకుతారు, పాతదిలా కనబడాలని. నిజంగానే పాతదైన కుర్చీని కొత్తగా చేసి, ఆ కొత్తదానికి దొంగ ముసలితనం తెప్పించడం ఈ విద్యకు పరాకాష్ఠ. రంగు వద్దు, స్టెయిన్ చాలంటారా, సరే. స్టెయిన్ పూత కాదు, కర్రలోకి ఇంకే ఛాయ, కర్ర గీతలను కప్పదు. తెల్ల చెక్కకు టేకు ఛాయ ఇచ్చుకోవడంలో అర్థముంది. మీరు టేకుకే వాల్‌నట్ ఛాయ ఇవ్వండి, అదీ పాత వార్నీషు తీయకుండా. ఇంకడానికి దారిలేక మరకలు కడుతుంది. చివర అవిసె నూనె రుద్ది, ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. 1991లో ఫిలడెల్ఫియాలో ఒక ఆకాశహర్మ్యం తగలబడి ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయింది అలాంటి గుడ్డల వల్లే. ఈ ఒక్క చోట వెటకారం లేదు: గుడ్డలను విప్పి, ఆరుబయట విడివిడిగా ఆరేయాలి.

పొయ్యిలోకి పోయేదాన్ని కాపాడాం కదా అంటారు. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదిది, తగలబెట్టడం కంటే రంగేసి కూర్చోవడం మేలే. ఆ రెండే దారులన్నట్టు మాట్లాడటంలో ఉంది తిరకాసు. మూడో దారి మరమ్మతు. వడ్రంగులు వజ్రం అనే తోలు బంక వేడినీళ్లకు మెత్తబడుతుంది. అతుకు విప్పి, శుభ్రం చేసి, కొత్త బంక పెట్టి తాడుతో బిగించి ఓ రాత్రి ఉంచితే కాలు ఊగడం మానుతుంది. పేము అల్లేవాళ్లు ఇంకా ఉన్నారు. రేపు నచ్చకపోతే ఇవన్నీ మళ్లీ విప్పుకోవచ్చు. టేకు సన్నరంధ్రాల్లోకి దిగిన తెల్లరంగు మాత్రం పూర్తిగా రాదు. దాన్ని కరిగించే ద్రావకాల్లో వాడే మిథిలీన్ క్లోరైడ్ ఆవిరికి మనుషులు చనిపోయారని, ఆ రకం ద్రావకాలను మామూలు జనానికి అమ్మకుండా అమెరికా 2019లో ఆపేసింది.

ఇంకో అభ్యంతరం బరువైనది: కర్రకు రంగు వేయడం మన సంప్రదాయం కాదా, ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు ఎక్కడికి పోయాయి? నిజమే. అయితే ఆ చేతులు ఏ కర్రను పట్టుకున్నాయో చూడండి. కొండపల్లి, నిర్మల్ వాళ్లది తేలికైన పొనికి, ఏటికొప్పాక వాళ్లది తెల్లని అంకుడు. చూపించుకోవడానికి గీతలు పెద్దగా లేని మెత్తని కర్రకు వాళ్లు రంగుతో ప్రాణం పోశారు. టేకు మీద లక్కరంగు తిప్పుదామని ఏటికొప్పాకలో ఎవరికీ తోచకపోవడం చేతగాక కాదు. మామిడి చెక్క బల్లకు, పొట్టు చెక్క అలమరకు నిక్షేపంగా రంగు వేయండి, అక్కడ మీరు వాళ్ల వారసులే.

ఇంత చదివాక కూడా చేయి ఆగకపోతే, డబ్బా మూత తీసేముందు కుర్చీని తలకిందులు చేసి సీటు చట్రం అడుగున గోటితో గీకండి. పాలిష్ పెట్టేవాళ్లు అక్కడిదాకా రారు. మురికి కింద బంగారు రంగు చేవ కనిపిస్తే, ఆ డబ్బాను గేటుకు వాడుకోండి.