మంచి రైఫిల్‌నే ముందు అమ్మండి

అమెరికాలో పాత మిలిటరీ రైఫిళ్లు పోగుచేసే ప్రతివాళ్లకూ ఏదో ఒక రోజు అమ్మకం తప్పదు. పిల్లలకు వాటి మీద ఆసక్తి ఉండదు, పెద్ద ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారాల్సి వస్తుంది, మోకాళ్లు బేస్‌మెంట్ మెట్లు దిగనివ్వవు. అప్పుడు తోటి కలెక్టర్లందరూ ఒకే పాట పాడతారు: నాసిరకం ముందు వదిలించుకో, మేలైనవి చివరిదాకా దాచుకో, ధర పెరిగేదాకా ఆగు, ఎవరెక్కువిస్తే వాళ్లకిచ్చెయ్. నేను చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. నా మాట వింటే మీ చేతికొచ్చే సొమ్ము తగ్గుతుంది. తగ్గినా ఇలాగే అమ్మండని బతిమాలుతున్నాను.

మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మేలైనదాన్ని ముందు అమ్మండి. కళ్లు కనిపిస్తున్నప్పుడే, జ్ఞాపకం గట్టిగా ఉన్నప్పుడే అమ్మండి. మంచి రైఫిల్ గురించి చెప్పాల్సింది ఎక్కువ ఉంటుంది. ఎమ్1 గరాండ్‌నే తీసుకోండి. ఆపరేటింగ్ రాడ్‌ను వెనక్కి లాగి పట్టుకుంటే బ్యారెల్ కుడిపక్కన దాన్ని తయారుచేసిన నెల, సంవత్సరం బయటపడతాయి. రిసీవర్ నంబరు 1943 నాటిదై, బ్యారెల్ మీద 1950ల తేదీ ఉంటే, సాధారణంగా యుద్ధం అయ్యాక సైన్యమే దాన్ని విప్పి అరిగిన భాగాలు మార్చి మళ్లీ వాడకానికి పంపిందన్నమాట. ఇది మీకు తెలుసు. రేపు మీరు లేనప్పుడు మీ అబ్బాయి డీలరు దగ్గరికెళ్లి "నాన్నగారి పాత గన్ ఒకటుంది, ఎంతిస్తారు?" అనడం తప్ప ఏం చెప్పగలడు? నాసిరకం సంగతి అతనే చూసుకుంటాడు, దానికి చరిత్ర చెప్పనక్కర్లేదు.

అలాంటి గరాండ్‌ను "సరిచేసి" అమ్మమని ఇంకో సలహా వినిపిస్తుంది. 1950ల బ్యారెల్ తీసేసి, 1943 నాటిది వెతికి బిగించి, చెక్క మార్చి, ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే వచ్చినట్టు చేస్తే ధర పెరుగుతుందట. నిజమే, పెరుగుతుంది. అయినా చేయకండి. సైన్యం మార్చిన భాగం దాని బతుకులో భాగం. మీరు మార్చింది మీ బేరంలో భాగం. ఇంతకంటే పాపం, విప్పి ముక్కలుగా అమ్మడం. స్టాక్ ఒకరికి, బోల్ట్ ఒకరికి, సైట్లు ఇంకొకరికి అమ్మితే మొత్తం రైఫిల్ ధర కంటే ఎక్కువే రావచ్చు. 80 ఏళ్లు ఒక్కటిగా నిలిచిన వస్తువును ఆ లాభం కోసం చంపడానికి నాకు మనసొప్పదు, మీకూ ఒప్పకూడదు.

స్విట్జర్లాండ్ కె31 మీ దగ్గరుంటే, స్టాక్ చివర భుజానికి ఆనే ఇనుప పలకకు రెండు స్క్రూలుంటాయి. వాటిని మెల్లగా విప్పండి. చాలా రైఫిళ్లలో ఆ పలక కింద ఒక చిన్న చీటీ దొరుకుతుంది. దాన్ని మోసిన సైనికుడి పేరు, అతని దళం దాని మీద ఉంటాయి. ఆ చీటీని విడిగా అమ్ముకోకండి, ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోకండి. చదివి, రాసుకుని, ఉన్నచోటే పెట్టి స్క్రూలు బిగించండి. కొనేవారి ఎదుట మళ్లీ విప్పి చూపించండి.

ఇక లోపాలు. అమ్మేవాళ్లంతా గుణాలు ముందు చెప్పి లోపాలు చివర్న సణుగుతారు. మీరు లోపాలతోనే మొదలుపెట్టండి. మొదటి ఫొటో అన్నిటికంటే వికారమైన మచ్చదే పెట్టండి. జర్మన్ కె98కె ఐతే బ్యారెల్ బ్యాండు జరిపి దాని కింద చెక్కను కోసిన గుర్తుందేమో చూపించండి. అమెరికన్ సైనికులు ఇంటికి తెచ్చుకునేటప్పుడు సంచీలో పట్టడానికి చెక్కను అక్కడ కోసేవారు. మోసిన్-నగాంట్ ఐతే, సోవియట్ డిపోలో పాత నంబరు మీద గీత కొట్టి కొత్త నంబరు వేశారేమో బోల్ట్ మీద, మ్యాగజైన్ అడుగున భూతద్దంతో వెతికి చెప్పండి. దిగుమతిదారు ముద్ర ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి. ధర పడిపోతుంది, పడనివ్వండి. ఆ మచ్చల మీదే మనసు పడ్డవాళ్లు మిగులుతారు, మీకు కావాల్సింది వాళ్లే.

ఒక్క లోపం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చేది. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ తయారీ ఐతే 8,00,000 లోపు నంబర్లు, రాక్ ఐలాండ్ తయారీ ఐతే 2,85,507 లోపు నంబర్లు ఉన్నవాటి రిసీవర్లు పెళుసైనవి కావచ్చు. ఆ రోజుల్లో కాల్చిన ఉక్కు వేడిని పనివాళ్లు రంగు చూసి అంచనా వేసేవారు. అలాంటివి కొన్ని పేలిపోయాయి. మీది ఆ లెక్కలోదైతే "గోడకే, కాల్చడానికి కాదు" అని కాగితం మీద రాసి, కొనేవారి సంతకం తీసుకుని ఇవ్వండి.

జపాన్ టైప్ 99 విషయంలో నా పట్టుదల చాలామందికి నచ్చదు. రిసీవర్ మీద చక్రవర్తి చిహ్నమైన చామంతి పువ్వు చెక్కుచెదరకుండా ఉంటే కలెక్టర్లు ఎగబడతారు. దాన్ని అరగదీసి ఉంటే ముఖం చిట్లిస్తారు. రెంటికీ ఒకే ధర పెట్టమంటాను. ఓడిపోయి ఆయుధాలు అప్పగించేముందు చక్రవర్తి గుర్తు శత్రువు చేతిలో పడకూడదని ఆ పువ్వును అరగదీశారు. 1945లో ఒక సామ్రాజ్యం ముగిసిన ఆనవాలు ఆ గరుకు మచ్చలో ఉంది. దాన్ని లోపమని చవగ్గా ఇవ్వడం చరిత్ర తెలియనితనం.

పేరున్న వేలం సంస్థకు అప్పగిస్తే పై ధర వస్తుందనడంలో సందేహం లేదు. కమిషను పోయినా వస్తుంది. కానీ ఎవరు కొన్నారో మీకు తెలియదు, ఏమడగాలనుకున్నారో అసలే తెలియదు. నన్నడిగితే వేలం వద్దు. కొనడానికొచ్చిన మనిషిని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న వేయండి: "దీన్ని ఏం చేస్తారు?" చెక్క కోసి, స్కోపు బిగించి వేటకు తీసుకెళ్తానంటే కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. బోర్ లోపలికి లైటు వేసి చూడమని అడిగేవారు, ముద్రలు నోట్ చేసుకునేవారు వస్తే ధరలో మూడో వంతు తగ్గించండి. కుర్ర కలెక్టరై చేతిలో డబ్బు చాలకపోతే నెలనెలా కట్టమనండి, మొత్తం ముట్టేదాకా రైఫిల్ మీ సేఫ్‌లోనే ఉంటుంది. ధరలు ఇంకా పెరుగుతాయని ఆగకండి. ఒకప్పుడు వంద డాలర్ల లోపు దొరికిన మోసిన్ ఇప్పుడు ఎన్నో రెట్లు పలుకుతోంది. ఆ పెరుగుదలంతా కొత్తవాళ్లను ఈ రంగం బయటే నిలబెడుతోంది.

చట్టం దగ్గర మాత్రం తలకిందుల మాట లేదు. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం వేరే రాష్ట్రం వాళ్లకు అమ్మాలంటే లైసెన్సున్న డీలరు ద్వారానే అమ్మాలి. కొనేవారు 4473 ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ జరగాలి. 50 ఏళ్లు దాటిన పాత ఆయుధాలను కలెక్టరు లైసెన్సున్నవాళ్లు నేరుగా తీసుకోవచ్చు, కానీ ఆ లైసెన్సుతో వ్యాపారం చేయకూడదు. కాలిఫోర్నియా లాంటి చోట్ల సొంత రాష్ట్రంవాళ్లకు అమ్మినా సాధారణంగా డీలరు మధ్యలో ఉండాల్సిందే. టెక్సాస్‌లో అదే రాష్ట్రం మనిషికి నేరుగా అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది. అక్కడ కూడా డీలరు దగ్గరికే వెళ్లండి, ఫీజు మీరే కట్టండి. అనవసర ఖర్చంటారు. నేనొప్పుకోను.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్-1బి మీదున్న మేనల్లుడికో, చదువుకోవడానికొచ్చిన తమ్ముడి కొడుక్కో ప్రేమ కొద్దీ రైఫిల్ ఇచ్చెయ్యకండి. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అలాంటి వీసాలవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం. బహుమతి ఐనా అంతే. ఇండియాకు పంపించే ఆలోచన అసలే వద్దు.

ఇషాపూర్ రైఫిల్ ఉన్నవాళ్లకు నా సలహా ఇంకా మొండిది: దాన్ని తెలుగువాళ్లకో, కనీసం భారతీయులకో అమ్మండి, గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్లకు. పోలీసు స్టేషను గుమ్మం దగ్గర సెంట్రీ చేతిలో లీ-ఎన్‌ఫీల్డ్ త్రీ నాట్ త్రీ చూస్తూ పెరిగిన తరం మనది. దాని వంశంలోదే ఇషాపూర్ 2ఎ. 1962 చైనా యుద్ధం తర్వాత కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ ఫ్యాక్టరీలో, పాత లీ-ఎన్‌ఫీల్డ్ రూపాన్ని 7.62 తూటాకు తగ్గట్టు మరింత గట్టి ఉక్కుతో తయారుచేశారు. మ్యాగజైన్‌లో 10 బదులు 12 తూటాలు పడతాయి. కొత్త దేశం తన సొంత అవసరానికి తానే చేసుకున్న ఆయుధమది. అమెరికా మార్కెట్‌లో దీనికి బ్రిటిష్ తయారీకున్న గౌరవం దక్కలేదు. కొన్నిటిని కురచగా కోసి "జంగిల్ కార్బైన్" వేషం కూడా వేశారు. కోయనిది మీ దగ్గరుంటే, ఎక్కువిస్తానన్నవాళ్లను కాదని తక్కువిచ్చే మనవాళ్లకే ఇవ్వండి.

ఈ వారంలోనే ప్రతి రైఫిల్‌కూ ఒక కాగితం తీయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారో, ఏ భాగం మీద ఏ ముద్రుందో, ఏ లోపముందో మీ చేత్తో రాయండి. ఆ కాగితం రాయనిదే ఒక్కదాన్నీ అమ్మకండి.