ఈ వారం గొర్రె

బళ్ళారికి రెండే కాలాలని ఊళ్ళోవాళ్ళు వేళాకోళమాడుతుంటారు. ఒకటి ఎండాకాలం, రెండోది మండే ఎండాకాలం. ప్రీస్కూల్లో వారానికో థీమ్ నడిపే థీమ్ మిస్సు ఈ మాట ఒప్పుకోదు. ఆమె ప్లానరులో కాలాలు నాలుగున్నాయి. జూన్ రెండో వారంలో ఖచ్చితంగా వాన పడుతుంది. ఆకాశం సంగతి ఆకాశం చూసుకుంటుంది గానీ, క్లాసులో మాత్రం నీలం క్రేప్ కాగితం చినుకులు దారాలకు వేలాడాలి, న్యూస్‌పేపరు పడవలు బట్టలుతికే టబ్బులో తేలాలి. అక్టోబరులో ఆకులు రాలాలి. ఎదురింటి వేపచెట్టు అక్టోబరులో రాల్చడం లేదని ఎవరైనా అంటే, గోధుమరంగు చార్టు తెచ్చి కత్తిరించి తానే రాలుస్తుంది. డిసెంబరులో మంచు పడుతుంది.

మంచంటే పత్తే. పత్తికి పేరున్న ప్రాంతం కనక ఆ ఒక్క సరుకుకూ కరువు లేదు. తిరిగే ఫ్యాను కింద, మెడమీది చెమట చున్నీతో తుడుచుకుంటూ, మిస్సు పత్తితో ఆరడుగుల మంచు మనిషిని నిలబెట్టింది. గుండ్రటి పొట్ట, గుండ్రటి తల, ముక్కుకు క్యారెట్టు. పిల్లలు చుట్టూ చేరి కాసేపు చూశారు. క్యారెట్టు బరువుకు కిందికి వాలింది. అంతే, ముందు వరసలో ఉన్న పాప చెప్పులు విడిచి, రెండు చెంపలు వాయించుకుని దణ్ణం పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. ఒకడు ప్రదక్షిణ కూడా మొదలుపెట్టాడు. "నో నో, స్నోమ్యాన్, స్నోమ్యాన్" అని మిస్సు ఎంత మొత్తుకున్నా, ఆ వారమంతా ఆయన తెల్ల గణపతిగానే ఉండిపోయాడు. ఆయమ్మ పొద్దున ఊడ్చేటప్పుడు కాళ్ళ దగ్గర రెండు గన్నేరుపూలు దొరికేవి.

థీమ్ మిస్సు కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. బ్రూస్‌పేట, గాంధీనగర్, కౌల్ బజార్, ఎటు పోయినా మేడింటి కింది వాటా ఒకటి కనిపిస్తుంది. గోడమీద మిక్కీ మౌస్ అని నమ్మకంతో గుర్తుపట్టాల్సిన ఎలుక ఒకటి ఉంటుంది. గేటు లోపల ప్లాస్టిక్ జారుడుబండ. ఆ లోపల ఆమె ఉంటుంది. నుదుటిమీద బొట్టు పక్కనే ఒక చమ్కీ మెరుస్తుంది, అది అలంకారం కాదు, నిన్నటి యాక్టివిటీ మిగులు. వేళ్ళ చివర ఎప్పుడూ ఏదో ఒక రంగు. బ్యాగులో పర్సు దొరకడానికి ఐదు నిమిషాలు పడుతుంది, కత్తెర మాత్రం చెయ్యి పెట్టగానే తగులుతుంది. పెళ్ళికెళితే వధూవరులను చూడదు, మండపం వెనక థర్మోకోల్ హంసలను చూస్తుంది. అక్షింతలు వేసి దిగుతూ డెకరేషన్ కుర్రాణ్ణి మెల్లిగా అడుగుతుంది: "తమ్ముడూ, అయిపోయినాక ఇవి పారేస్తారా?"

ఆమె ఇంట్లో చెత్తబుట్ట ఖాళీగా ఉంటుంది, అల్మారాలు నిండి ఉంటాయి. అగరబత్తి డబ్బాలు, గుడ్ల అట్టలు, సీసా మూతలు, పిస్తా తొక్కలు. అత్తగారు టూత్‌పేస్టు అట్టపెట్టె కూడా అడగకుండా పారేయలేదు. "మా ఇంట్లో ఏది పారేసినా మా కోడలు బడికి పట్టుకపోయి సింహం చేస్తాది" అని ఆవిడ అరుగుమీద చెప్పుకుని బాధపడుతుంది, కాస్త గర్వంగా.

సామాన్ల పేచీ ఇంకొకటుంది. ఈ క్రాఫ్టులన్నీ పుట్టింది వేరే దేశాల్లో కావడంతో, ఫోన్‌లో ఏ వీడియో చూసినా టాయిలెట్ పేపరు చుట్టే అట్టగొట్టం తెమ్మంటుంది. గుడ్లగూబ చేయాలన్నా అదే, రాకెట్ చేయాలన్నా అదే. బళ్ళారి ఇళ్ళల్లో చెంబుంటుంది. చెంబుతో గుడ్లగూబ రాదు. ఇక్కడే మన మిస్సు ప్రతిభ బయటపడింది. కౌల్ బజార్ జీన్స్ యూనిట్లలో దారం అయిపోయిన అట్ట కోన్లు బస్తాలకొద్దీ పడుంటాయి. ఆమె స్కూటీ మీద పోయి ఒక బస్తా తెచ్చేసింది. అప్పట్నించి ఆమె క్లాసులో రాకెట్లు, కోటబురుజులు, పెంగ్విన్లు, అన్నీ కోన్ ఆకారంలోనే ఉంటాయి. ఏనుగు కూడా. జీన్స్ ముక్కలు నదులయ్యాయి, గుండీలు కళ్ళయ్యాయి, పాడైన జిప్పులు మొసలి పళ్ళయ్యాయి. ఆ జిప్పు మొసలిని నేను చూశాను. నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. దాని ముందు కొన్న బొమ్మ ఏదీ నిలవదు. ఆ ఒక్క పనికి ఆమెకు ఏ యూనివర్సిటీ అయినా ఒక డిగ్రీ ఇవ్వవచ్చు.

నర్సరీ ట్రైనింగులో ఆమె పెద్దవాళ్ళ గురించి చదువుకునే వచ్చింది. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ ఉన్ని బంతులు, చెక్క దిమ్మలు, కాగితం మడతలతో చదువు మొదలెట్టాడనీ, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడనీ రాసింది. గిజూభాయి 1920లో భావనగర్‌లో బాలమందిర్ తెరిచాడనీ, మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చిందనీ రాసింది. ఐదు మార్కులకు నాలుగున్నర వచ్చాయి. పిల్లవాడు చేసుకునే పనిలో పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదని మాంటిస్సోరి పోరు పెట్టిన సంగతి ఆ తగ్గిన అర మార్కులో పోయినట్టుంది. ఎందుకంటే థీమ్ మిస్సు క్లాసులో కత్తిరించేది మిస్సు, జిగురు రాసేది ఆయమ్మ, అంటించేది మళ్ళీ మిస్సు. పిల్లవాడి పని ఫోటోకు నవ్వడం.

వీధి చివర అంగన్‌వాడీ ఉంది. దేశంలో ఆ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇక్కడి అంగన్‌వాడీల్లో చిలిపిలి అనే పుస్తకం పట్టుకుని వాళ్ళూ వారానికో అంశం చెబుతారు, కాకపోతే చింతగింజలతో, వేపపుల్లలతో, గులకరాళ్ళతో. థీమ్ మిస్సు అటువైపు కాస్త జాలిగా చూస్తుంది. చింతగింజలు అయిపోయినప్పుడు మాత్రం "అక్కా, ఒక గ్లాసుడు ఉంటే ఇస్తావా" అని పోయేది అక్కడికే.

ఇక గొర్రె కథ. పెంపుడు జంతువుల నెలలో మంగళవారం గొర్రె వచ్చింది. ప్రింటవుట్‌లో గుండ్రటి గొర్రె బొమ్మ, లోపల పత్తి ఉండలు అంటించాలి. కురుగోడు వైపు నుంచి వచ్చే నాలుగేళ్ళ బుడ్డోడు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏంది మిస్ ఇది?"

"షీప్. సే, షీప్."

"గొర్రె ఇట్లుండదు మిస్. మా తాతవి నల్లగుంటాయి. మూతి ఇట్లుంటాది" అని తన ముక్కును చూపుడువేలితో వంచి చూపించాడు.

వాడు చెప్పిందే నిజం. పశువుల పుస్తకాల్లో బళ్ళారి పేరుతోనే ఒక గొర్రె జాతి ఉంది. తెల్లవీ ఉంటాయి, నల్లవీ ఉంటాయి, రెండూ కలిసినవీ ఉంటాయి. ముతక ఉన్ని, దాంతో కంబళ్ళు నేస్తారు. ఇంత పేరున్న గొర్రెకు సొంత ఊరి ప్రీస్కూల్లో సీటు దొరకలేదు. పింక్ చెవులున్న పరదేశం గొర్రెకు దొరికింది.

మర్నాడు వాడు నిక్కరు జేబులోంచి పాత కంబడి ముక్క ఒకటి తీశాడు. గదంతా మందవాసన. పక్క పాప ముక్కు మూసుకుంది, ఇంకొకడు చేతిలోంచి లాక్కుని మళ్ళీ మళ్ళీ వాసన చూశాడు, అందరూ ఒక్కో ముక్క కావాలన్నారు. మిస్సుకు ప్రాణసంకటం. శనివారం డిస్‌ప్లే. ఇరవైమూడు తెల్లగొర్రెలు ఒక వరసలో, ఒక కొలతలో ఉన్నాయి. మధ్యలో నల్లది పెడితే బోర్డు చెడుతుంది. వద్దంటే వాడు ఏడుస్తాడు. చివరికి ఒప్పుకుంది. అయితే సాయంత్రం అందరూ పోయాక ఆగలేక, మ్యాచింగ్ కోసమని దాని మెడచుట్టూ నాలుగు పత్తి ఉండలు అంటించేసింది.

శనివారం తల్లులొచ్చి తమ పిల్లల గొర్రె ఏదో తెలియక కింద పేర్లు వెతుక్కున్నారు. కంబడి గొర్రె ముందు మాత్రం పంచె కట్టిన ముసలాయన ఒకడు తిన్నగా వచ్చి ఆగాడు. మెడమీది పత్తి ఉండలు రెండు గోటితో గిల్లి పడేశాడు. వరసంతా ఒకసారి చూసి, "ఈ మందలో సంతకు పట్టుకపోతే బేరం తెగేది ఇదొగటే" అన్నాడు. మిస్సు థాంక్యూ అంది.

పిల్లలకు వీటిలో ఏది ఎక్కుతోందో చెప్పడం కష్టం. నేను గమనించినంతలో వాళ్ళకు అన్నిటికన్నా ఇష్టమైన థీమ్ ఫెవికాల్. అరచేతి నిండా పూసుకుంటారు, ఆరేదాకా ఊపిరి బిగపట్టి కూర్చుంటారు, తర్వాత ఒక మూల నుంచి మెల్లిగా, చిరగకుండా, పాము కుబుసం విడిచినట్టు లేపుతారు. గీతలతో సహా చెయ్యి ఊడివస్తుంది. దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసుకునేటప్పుడు ఆ ముఖాల్లో ఉండే శ్రద్ధ వరల్డ్ ఎర్త్ డే నాడు ఎంత వెతికినా దొరకదు. మిస్సు అప్పుడు వాళ్ళ వెనక గోడకు భూగోళం అంటిస్తూ ఉంటుంది.

ఫ్యాన్సీ డ్రెస్సు గురించి ఒక్క మాట. వేషం కట్టడం ఈ ఊరికి కొత్త కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాలు రాసి ఆడించింది ఇక్కడే. తాడిపత్రి రాఘవాచార్యులు బళ్ళారి రాఘవ అయిందీ ఇక్కడే. ఆ పరంపరలో తాజాగా స్టేజీ ఎక్కింది ఒక టొమాటో. "ఐ యామ్ ఎ టొమాటో" దాకా వచ్చి ఆగిపోయింది. తెర వెనక నుంచి మిస్సు అందిస్తున్న డైలాగు ఆఖరి వరసకు కూడా స్పష్టంగా వినబడింది, టొమాటోకు తప్ప. ఏడుపు అందుకుంది. అప్పుడు తన వంతు కోసం నిలబడ్డ బుల్లి డాక్టరు పరుగున వచ్చి, స్టెతస్కోపు టొమాటో పొట్టకు ఆనించి, "సూది వేస్తా, ఏడవగాకు" అన్నాడు. ఆ రోజు వచ్చిన చప్పట్లన్నీ దానికే. ప్రైజు మాత్రం తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ ఇంజనీరుగారి అబ్బాయికి పోయింది. వాళ్ళ నాన్న మూడు రాత్రులు కూర్చుని చేసిన ట్రాఫిక్ సిగ్నల్‌లో లైట్లు నిజంగానే మారాయి. లోపల ఉన్న పిల్లవాడికి ఉక్కపోసి, ఎర్రలైటు పడగానే బయటికి వచ్చేశాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజి మోగడం మామూలు. రేపటికి ఐస్‌క్రీమ్ పుల్లలు ఇరవై, ఆడే కళ్ళు రెండు, ఆకుపచ్చ గ్లిట్టర్ షీటు ఒకటి. స్టేషనరీ కొట్టాయన షట్టరు సగం దించి ఎదురుచూస్తుంటాడు. ఏ వారం ఏ థీమో తల్లుల కంటే ముందు ఆయనకే తెలుసు. "సీతాకోకచిలుకేనా ప్పా? రెక్కలు కత్తిరించి పెట్టినా, ముప్పై ఇవ్వు" అంటాడు. నలభై ఇస్తే మీసాలు కూడా అంటించి ఇస్తాడు.

మొన్నటి మెసేజి ఇది: వచ్చే వారం సముద్రం. ఇసుక, గవ్వలు, ఒక్కొక్కరు ఒక ఆక్టోపస్ తేవాలి.

"మిస్, మనకు సముద్రం యాడుంది? హొస్పేట డ్యామ్ నీళ్ళు తెస్తే నడుస్తాదా?" అని ఒక తల్లి అడిగింది.

"నడుస్తుంది మేడమ్. ఆక్టోపస్‌కు మాత్రం ఎనిమిది కాళ్ళు కంపల్సరీ. పోయినేడు చానామంది ఆరే తెచ్చినారు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత జీన్స్ యూనిట్ నడిపే తండ్రి ఒకాయన రాశాడు: "కాళ్ళు మేం కుట్టిస్తాం మిస్. లెంగ్తు ఎంతో చెప్పండి. ఇరవైనాలుగు పీసులే కదా?"