పుస్తకం చేతిలో పెట్టేముందు

చదువుకోడానికో మంచి నవల చెప్పమని ఎవరడిగినా, నేను చాలాకాలం నా గౌరవానికి తగ్గ పేర్లే చెప్పాను. వాళ్ల అవసరమేమిటని అడగలేదు. అది ఎంత అవివేకమో మా మరదలి మాటతో తెలిసింది.

పురిటికి పుట్టింటికి వెళ్తూ, "వదినా, హాయిగా చదువుకునే నవలేదైనా ఇవ్వండి" అంది. యద్దనపూడి సులోచనారాణి నవలలంటే ఆమెకు ప్రాణం. 'సెక్రటరీ'లో జయంతి గురించి ఎంతసేపైనా మాట్లాడుతుంది. అవన్నీ కాలక్షేపం పుస్తకాలని నా అభిప్రాయం. అందుకే విశ్వనాథ 'వేయిపడగలు' చేతిలో పెట్టి, 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి పంచుకున్న నవల అని కూడా చెప్పి పంపాను. తిరిగిస్తూ, "నాకంత తెలివి లేదొదినా" అంది. ఆ తర్వాత నా దగ్గర పుస్తకాల మాటే ఎత్తలేదు.

ఆమెకు తెలివి లేకపోవడమేమిటి? పాఠకురాలిగా ఆమెకున్న ధైర్యాన్ని నేనే తీసేశాను.

జయంతి ఆత్మాభిమానం నచ్చినవాళ్లకు డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' ఇవ్వాలి. 1950ల చివర్లో వచ్చిన ఆ నవలలో ఇందిర ఎవరి జాలీ కోరదు, తన బతుకు తనే నిర్ణయించుకుంటుంది. అదిచ్చి ఉంటే మరదలు ఒక్క బిగిన చదివేసేది. యండమూరి 'తులసిదళం' చదువుతూ దీపం ఆర్పడానికి భయపడినవాళ్లకు కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఇవ్వొచ్చు. ఈనిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలివాడి కథ అది. ఉత్కంఠ ఊపిరాడనివ్వదు. కొమ్మూరి డిటెక్టివ్ యుగంధర్ కోసం ఎదురుచూసినవాళ్లు దాన్నీ కింద పెట్టరు. మనసు బరువెక్కి, నవ్వు కావాల్సినవాళ్లకు మొక్కపాటి 'బారిస్టర్ పార్వతీశం' ఉంది. మొదటి భాగం వచ్చింది 1924లో అయినా, మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన ఆ కుర్రాడు ఇప్పటికీ నవ్విస్తాడు. చరిత్ర ఇష్టమైతే రుద్రమదేవి కాలపు 'గోన గన్నారెడ్డి'.

ప్రేమకథ, భయం, అపరాధ పరిశోధన, హాస్యం, చరిత్ర: వీటి మధ్య నేను కట్టుకున్న హెచ్చుతగ్గులు పాఠకులకు అక్కర్లేదు. పేజీ తిప్పించడం చిన్న విద్య కాదు. ఆ విద్య తెలిసిన రచయితలే ఎన్నో ఇళ్లలో తెలుగు చదివే అలవాటును నిలబెట్టారు.

ఇప్పుడు నవల చెప్పమంటే ముందు నేనే అడుగుతాను: "ఈమధ్య వదలకుండా చదివిందేది? అందులో మిమ్మల్ని పట్టుకున్నదేమిటి?" జవాబు పూర్తిగా విన్నాకే పేరు చెబుతాను. 'వేయిపడగలు' మీద నా ప్రేమ రవ్వంతైనా తగ్గలేదు. చదవడంలో సుఖమెరిగినవాళ్లు దాని దగ్గరికి తమంతట తామే వస్తారు. ఆ సుఖాన్ని ఎవరికీ దూరం చేయకపోవడమే పుస్తకం ఇచ్చేవాళ్ల మొదటి బాధ్యత.