గాలి మార్పు

క్రిస్మస్ సెలవులకి బెజవాడ అల్లుడుగారు నాగాయలంకలో దిగారు. దగ్గు తగ్గాలంటే గాలి మార్పు కావాలన్నాడట డాక్టరు. దిగీ దిగగానే ఫోన్లో గాలి నాణ్యత చూడబోతే ‘సమాచారం లేదు’ అని వచ్చింది. ‘చూశారా మావయ్యగారూ, ఇక్కడ కాలుష్యమే లేదు!’ అని మురిసిపోయారు. అవును మరి, థర్మామీటరు లేని ఇంట్లో జ్వరం ఎవరికొస్తుంది?

సాయంత్రం చేలగట్ల మీద షికారు. వరికోత మిషను వదిలేసిపోయిన గడ్డికి ఎవరో అగ్గిపుల్ల గీశారు. మినుములు చల్లుకోవాలాయె, కూలిచ్చి గడ్డి ఎత్తించే స్తోమత ఎవరికుంది? అల్లుడుగారి తెల్లచొక్కా మీద నల్లటి నుసి వచ్చి వాలింది. దులిపితే చారలు పడ్డాయి.

సన్నధూళి పీఎం 2.5 ఘనపు మీటరు గాలికి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన దేశపు ప్రమాణం 40. మన ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివని సర్కారువారి నమ్మకం కాబోలు! 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం నగరాల కోసం. అందులో బెజవాడ ఉంది, నాగాయలంక లేదు. ఆ జాబితా పొగకి ఎవరూ చదివి వినిపించినట్టు లేదు.

రాత్రంతా దగ్గి, పొద్దున్నే పెట్టె సర్దుకున్నారు అల్లుడుగారు. బస్సు దాకా సాగనంపుతూ మామగారు నొచ్చుకున్నారు:

‘అప్పుడే వెళ్లిపోతే ఎలా బాబూ? భోగికైనా తప్పకుండా రావాలి. మంట కోసం పిల్లలు నాలుగు లారీ టైర్లు దాచారు.’