షామియానా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

మూఢమైన గాని ముంచు మాంద్యము గాని
పెళ్లి యాగదనుచు బెట్టె బోర్డు;
సగము ముందు, సగము సంభావనల వేళ;
ధరలు సరసమయ్య, తరలి రండు.

అవతారిక

లగ్గసరి ముగిసి, కుర్చీలు గోడౌనుకు చేరి, అప్పులవాళ్లు గుమ్మం ముందుకు చేరిన సమయంలో, గోదావరి జిల్లాలలోని ఒకానొక షామియానా సప్లయర్సు యజమాని దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టించదలచి ఈ ఆటవెలదిని ప్రకటించెను. కర్తృత్వం వివాదగ్రస్తం. యజమాని తనదే అంటాడు. ఫ్లెక్సీ కొట్టిన కుర్రాడు తనదంటాడు. గణాలు తప్పలేదు గనుక ఇద్దరిదీ కాదనీ, తెలుగు మేష్టారుగా రిటైరై అదే వీధిలో పెళ్లి సంబంధాలు కుదురుస్తున్న మూడో మనిషిదనీ మా నిశ్చయం.

ప్రతిపదార్థం

మూఢమైన గాని = గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కంటికి ఆనకుండా పోయినా; ముంచు మాంద్యము గాని = చేతిలో డబ్బు ఆడక బేరాలు మునిగినా; పెళ్లి = వివాహము, దానికి ముందూ వెనకా ఉండే భోజనాలతో సహా; ఆగదు అనుచు = ఆగదని పదిమందికీ చెబుతూ, లోలోపల తనకు తాను చెప్పుకుంటూ; బోర్డు పెట్టె = పది అడుగుల ఫ్లెక్సీ కట్టెను; సగము ముందు = బేరం కుదిరిననాడే సగం సొమ్ము; సగము సంభావనల వేళ = తక్కినది పురోహితుడి తాంబూలంతో పాటు; ధరలు సరసము = ధర ఎంతో ఇక్కడ చెప్పము; అయ్య = ఓ పెళ్లికూతురి తండ్రీ; తరలి రండు = బండి స్టాండు వేసి లోపలికి రండి.

తాత్పర్యం

గ్రహాలు కనబడకపోయినా, డబ్బు కనబడకపోయినా పెళ్లిళ్లు జరుగుతూనే ఉంటాయి. కాబట్టి అడ్వాన్సు ఇవ్వండి.

విశేషాలు

మూఢాన్నీ మాంద్యాన్నీ కవి ఒకే పాదంలో కూర్చోబెట్టాడు గాని, వ్యాపారికి ఆ రెంటికీ చాలా దూరం. మూఢం పంచాంగంలో ఉంటుంది. 2024 వేసవిలో గురుశుక్రులిద్దరూ మాయమై మే, జూన్ నెలలు ముహూర్తాలు లేకుండా గడిచాయి. అయినా సంగతి ఉగాదినాటికే తెలుసు గనుక తెలివైనవాళ్లు కుర్చీలకు రంగులేయించుకుని, పనివాళ్లను ఊళ్లకు పంపుకున్నారు. మాంద్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు విడుస్తుందో ఏ సిద్ధాంతీ రాయడు. ఆదాయం 2, వ్యయం 14 వచ్చిన రాశివాడికి కూడా ఆ పద్నాలుగు ఏ నెలలో పడతాయో చెప్పరు.

పైగా మాంద్యం ప్రతిసారీ వేషం మారుస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దుగా వచ్చింది. పెళ్లివారు ఖాతా నుంచి రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చని వెసులుబాటు ఇస్తూ రిజర్వు బ్యాంకు శుభలేఖ చూపమంది. సొమ్ము ఎవరెవరికి ఇవ్వబోతున్నారో జాబితా రాసిమ్మంది. పదివేలు, ఆపైన పుచ్చుకునేవాడికి బ్యాంకు ఖాతా లేదని అతడిచేతే సంతకం పెట్టించి తెమ్మంది. మేనమామలు సైతం ముహూర్తం, భోజనం వేళ తప్ప చదవని శుభలేఖను ఆద్యంతం చదివిన పాఠకుడు ఆ ఏడాది బ్యాంకు మేనేజరు. అచ్చు ఖర్చు అప్పుడు గిట్టుబాటైంది.

ఇప్పటి వేషం బంగారు రంగుది. 2025లో పది గ్రాముల మేలిమి లక్ష రూపాయలు దాటింది. మన ఇళ్లలో ముందు బంగారం తూచి, తర్వాత చీరలు కొని, మిగిలినదాన్ని పందిరికీ పూలకీ పంచుతారు. అంచేత తులం పెరిగినప్పుడల్లా స్టేజీ వెడల్పు ఒక అడుగు తగ్గుతుంది. ఇది చాలక, అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-వన్‌-బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. వరుడు డాలస్‌లో ఉంటే ముహూర్తం పెట్టేది సిద్ధాంతే గాని, మార్చేది వీసా అపాయింట్‌మెంటు.

“పెళ్లి యాగదు” అన్నచోట శంక. ఆగదు సరే, వాయిదా పడదా? పడుతుంది, పడదని కవి అనలేదు. పద్యంలో ఇంతకంటే జాగ్రత్తగా వేసిన మాట లేదు. మరొక శంక. పెళ్లి ఆగదు, పందిరి ఆగితే? ఇది బలమైనది. చేతిలో ఆడనప్పుడు జనం పెళ్లిని అన్నవరం కొండెక్కిస్తారు. తిరుమల కల్యాణ వేదికలోనైతే పురోహితుడూ మంగళవాద్యమూ ఉచితం. వాటితో పోటీపడి ధర తగ్గించడం ఏ షామియానా కవికీ సాధ్యం కాదు, స్వామివారికి గోడౌను అద్దె లేదు కదా. దీనికి సమాధానం కొండ దిగాక ఉంది. కొండ మీద తాళి కట్టించినవాడు ఊళ్లో భోజనం పెట్టకపోతే బంధువులు క్షమించరు. కనుక ఒక పూట విందు, చిన్న స్టేజీ, రెండు వందల కుర్చీలు ఒకే బేరంగా కట్టి, “కొండ దిగి రండి, తక్కింది మేం చూసుకుంటాం” అన్నవాడు బతికాడు.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇదే. “సంభావనల వేళ” అన్నది వినడానికి శాస్త్రోక్తంగా ఉంది, వసూలుకు మాత్రం ఘోరమైన ముహూర్తం. ఆ వేళకు పెళ్లికూతురి తండ్రి అప్పగింతల్లో కళ్లొత్తుకుంటూ ఉంటాడు. ఆయన్ని నిలేసి జనరేటరు డీజిలు లెక్క చెప్పగల కఠినుడు ఇంకా పుట్టలేదు. డబ్బు సంచి బావమరిది దగ్గర ఉంటుంది. బావమరిది విడిదిలో ఉంటాడు. విడిదికి వెళితే బస్టాండుకు వెళ్లాడంటారు. అందుకే అనుభవజ్ఞుల ప్రతులలో “సగము ముందు, సగము సామాను దింపగ” అని పాఠాంతరం కనబడుతోంది. యతి చెడలేదు, సొమ్మూ చెడదు. మాకు ఈ పాఠమే సాధువు. మంచి రోజుల్లో బాకీ ఆలస్యమవుతుంది, మాంద్యంలో అది పోతుంది. ఆ మధ్యలో పూలకొట్టువాడికి, వంటమేస్త్రికి, కరెంటు కుర్రాడికి నగదే ఇవ్వాలి. కడియపులంక మార్కెట్లో బంతిపూలు సంభావనల వేళ దాకా ఆగవు.

“ధరలు సరసమయ్య”. అంకె వేయకపోవడం చూసి కొందరు వ్యాఖ్యాతలు మోసమన్నారు. మేం ఔచిత్యమంటాం. కష్టకాలంలో బట్టల కొట్టువాడు “యాభై శాతం తగ్గింపు” అని రాసుకోవచ్చు, పెళ్లి వ్యాపారి రాయరాదు. తన కూతురి పెళ్లి తగ్గింపు ధరలో జరిగిందని వియ్యంకుడి ఊళ్లో తెలియడం ఏ తండ్రి కోరుకుంటాడు? అతడికి కావలసింది చిన్న ఖర్చు, దానికో పెద్ద కారణం. మొదటిది ఎవరైనా అమ్ముతారు. రెండోది అమ్మగలిగినవాడే వ్యాపారి.

ఆ కారణాన్ని 2020 ఉచితంగా ఇచ్చింది. ఆ మే నెలలో కేంద్రం పెళ్లికి యాభై మందిని మించరాదన్నది. అంతకు ముందు యాభై మందితో పెళ్లి చేస్తే “పాపం, ఏమైందో” అనేవారు. ఆ తర్వాత “మా దగ్గరివాళ్లే వచ్చారండి” అనడం గొప్పయింది. నిబంధన పోయింది, ఆ గొప్ప కొంత మిగిలింది. మాంద్యంలో కుర్చీలు తగ్గించుకునే తండ్రికి ఈ మాటను నోటికందించాలి. అందించి కొట్టులోనే ఒకసారి అనిపించి చూసుకోవాలి. దేన్ని కోయవచ్చో కూడా మనమే చెప్పాలి. ఫొటోలో పడేదాన్ని ఎవరూ కోయనివ్వరు, కాబట్టి స్టేజీని ముట్టుకోకూడదు. వీధి చివరిదాకా లైట్లు, మర్నాటి టిఫిను, ఎవరూ తినని మూడో స్వీటు, ఇవి నిశ్శబ్దంగా పోతాయి. ఆత్రేయపురం పూతరేకులు ఉంచండి, లేకపోతే అవే గుర్తుంటాయి.

“తరలి రండు”. ఎవరిని పిలుస్తున్నాడు? దారినపోయేవాళ్లనైతే వృథా. ఫ్లెక్సీ చూసి పెళ్లి పందిరి మాట్లాడుకున్నవాణ్ణి మేం ఎరుగం. పురోహితుడు, వంటమేస్త్రి, ఫొటోగ్రాఫరు, ఫంక్షన్ హాలు మేనేజరు, ఈ నలుగురి నోటా పడ్డ పేరే బేరమవుతుంది. అంతకన్నా గట్టిది, కిందటి పెళ్లిలో పప్పు వేడిగా తిన్న పెద్దావిడ చెప్పే మాట. యజమాని కుమారుడు రోజుకు నాలుగు రీళ్లు పెడుతున్నాడు. అవి చూసేవాళ్లు ఎక్కువగా పోటీ షామియానావాళ్లే. అయినా మాన్పించనక్కర్లేదు, డేటా చవక.

చివరగా, కవి మౌనం గమనించదగ్గది. బోర్డు మీద పెళ్లి ఒక్కటే ఉంది. అవే కుర్చీలు చవితి పందిళ్లకూ, పార్టీల సభలకూ, పెద్దకర్మలకూ వెళతాయి. సభల సొమ్ము ఎన్నికల తర్వాత మరిచిపోవలసిందే. పెద్దకర్మకు మాత్రం మూఢం లేదు, మాంద్యం లేదు, బోర్డు అక్కర్లేదు. సొమ్ము ఆ సాయంత్రమే పూర్తిగా చేతికొస్తుంది. అక్కడ బేరమాడడం బావుండదని అల్లుళ్లు సైతం ఎరుగుదురు.